పొగాకు నేర్పిన గురువులు, మాన్పిన గురువులు

పొగ త్రాగుట మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. ఆకలివలె, దప్పికవలె అది దేహధర్మము కాదు. మొదటి దమ్ము పీల్చినవాడు ఎవ్వడును సుఖపడలేదు. దగ్గినాడు, కండ్ల నీళ్ళు పెట్టుకొన్నాడు, తల తిరిగి గోడకు ఆనుకొన్నాడు. అయినను రెండవసారి పీల్చినాడు. ఏలనన, ప్రక్కన ఒక గురువు నిలుచుండి, అది మగతనమనియో, నాగరకతయనియో, చలికి మందనియో చెప్పినాడు. ఆ గురువు తండ్రి కావచ్చును, అన్న కావచ్చును, తోటి విద్యార్థి కావచ్చును. పొగాకు చరిత్రను ఏ దేశములో తిరగవేసి చూచినను కనుపించునది ఈ గురుశిష్య పరంపరయే.

నేర్పగా వచ్చిన అలవాటు నేర్పగా పోవునా? పోవునేని ఏ వయస్సులో నేర్పవలెను, ఎట్లు నేర్పవలెను, నేర్పినవారికి దక్కు ఫలమేమి? ఈనాటి ప్రసంగములో విచారింపదలచినది ఇదియే. ఇందులో ఉపదేశము కంటె చరిత్రయే ఎక్కువ. చరిత్ర చెప్పు సాక్ష్యము ఉపదేశము కంటె బలమైనది.

పొగాకు అమెరికా ఖండపు ఆకు. 1492లో కొలంబసు ఆ దీవులకు చేరువరకు తక్కిన ప్రపంచమునకు దాని పేరు తెలియదు. తరువాత పోర్చుగీసు ఓడలలో మన పడమటి తీరమునకు వచ్చి, అక్కడి నుండి దక్కనుకు ప్రాకినది. అక్బరు కొలువులో అసద్ బేగ్ అను ఉద్యోగి ఉండెను. అతడు బిజాపురమునకు దూతగా పోయి, 1604-05 ప్రాంతమున తిరిగి వచ్చుచు, అంతకుముందు ఆ కొలువులో ఎవరును చూడని పొగాకును, రత్నాలు పొదిగిన గొట్టమును తెచ్చి పాదుషాకు సమర్పించినాడు. ఆ ముచ్చటను తానే వ్రాసి ఉంచినాడు. పాదుషా రెండు మూడు దమ్ములు పీల్చినంతలో ఆస్థాన వైద్యుడు అడ్డు వచ్చినాడు. ఈ ఆకు గుణదోషములను గురించి మన వైద్యులు ఎవ్వరును వ్రాయలేదు, పరీక్షింపని వస్తువును ప్రభువు నోటికి ఎట్లు అందించుట అని ఆయన వాదము. అక్బరు ఆ అలవాటు చేసికొనలేదు. కాని అసద్ బేగ్ తెచ్చిన మిగిలిన సరకు ప్రభువుల ఇండ్లకు పోయినది. ఒకరిని చూచి ఒకరు అడిగినారు. వర్తకులు అమ్మకము మొదలుపెట్టినారు. దర్బారులోని పెద్దలే దేశమునకు తొలి గురువులైనారు.

ఆ తరువాత 1617లో జహంగీరు పొగాకును నిషేధించినాడు. ఇంగ్లండులో మొదటి జేమ్సు రాజు అంతకు ముందే, 1604లో, పొగాకును దూషించుచు ఒక చిన్న పుస్తకమే వ్రాసినాడు. పాదుషా ఆజ్ఞయు నిలువలేదు, రాజుగారి పుస్తకమును పనిచేయలేదు. అలవాటు ఇంటింట నేర్పబడుచుండగా కోటలో నుండి వెలువడిన శాసనము ఏమి చేయగలదు?

తెలుగుదేశములో ఈ ఆకు త్వరలోనే స్వంత పంటయైనది. 1618 మొదలు 1622 వరకు మచిలీపట్నములో వర్తకము చేసిన మెథ్‌వోల్డు అను ఆంగ్లేయుడు గోలకొండ రాజ్యమును గురించి వ్రాయుచు, ఇక్కడి పంటలలో పొగాకును పేర్కొన్నాడు. తరువాతి కాలములో మచిలీపట్నపు నస్యము ఇంగ్లండు పెద్దమనుషుల డబ్బీలలోనికి ఎక్కినది. గోదావరి లంకలలో పండిన ఆకుతో చుట్టిన లంక చుట్టలకు దేశమంతట పేరు వచ్చినది. ఇరువదవ శతాబ్దములో గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు వేళ్ళూనినది. 1947లో రాజమహేంద్రవరములో కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రముగా ఏర్పడినది. మన హైదరాబాదులో 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ స్థాపింపబడి, చార్మినారు గుర్తు సిగరెట్టు నగరపు పేరును మోసికొని దేశమంతట తిరిగినది. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతపు ఇండ్లలో ఆడువారు చేటలు ముందు పెట్టుకొని తునికాకులో పొగాకు వేసి బీడీలు చుట్టినారు, నేటికిని చుట్టుచున్నారు.

ఈ వరుసను చెప్పుట ఎవరినో దోషులుగా నిలుపుటకు కాదు. పొగాకు పండించిన రైతు అప్పు తీర్చుకొనుటకు పండించినాడు. బీడీ చుట్టిన తల్లి బిడ్డ బడి ఖర్చులకు చుట్టినది. మన ప్రాంతములో పొగాకును గురించి పిల్లలకు చెప్పువారు గుర్తుంచుకొనవలసినది ఇదియే. తరగతిలో ముందు బల్లమీద కూర్చున్న పిల్లవాని అన్నము ఆ ఆకు నుండియే వచ్చుచుండవచ్చును. ఆ బిడ్డ సిగ్గుపడునట్లు చెప్పిన పాఠము పాఠము కాదు. నిందింపవలసినది అలవాటునే గాని ఇంటిని కాదు.

ఇక మన సాహిత్యములో పొగ నేర్పిన గురువు ఎవరు అని అడిగినచో, తెలుగు పాఠకులందరును ఒక్క గొంతుతో చెప్పు పేరు గిరీశము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరములో తొలిసారి ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, నేడు మనము చదువు రెండవ కూర్పు 1909లో వెలువడినది. అందులో వెంకటేశము బడి పరీక్ష తప్పిన కుర్రవాడు. గిరీశము అతనికి ఇంగ్లీషు చదువు చెప్పు గురువు. ఆ గురువు వలన తనకు అబ్బినదెల్ల చుట్ట కాల్చుట ఒక్కటేనని శిష్యుడు మొగముమీదనే అనివేయును. మనము నవ్వుదుము. కాని నూరేండ్లకు పైబడిన ఆ హాస్యములో, నేటి పరిశోధకులు పెద్ద పెద్ద పట్టికలు వేసి కనుగొన్న విషయమంతయు ఉన్నది. శిష్యుని వయస్సు తక్కువ. గురువు ఇంట పెద్దవాడు కాడు, వయస్సులో కొంచెము ముందున్నవాడు, మాటకారి, చూపులకు గొప్పవాడు. పొగాకు రుచి చూచి శిష్యుడు మోసపోలేదు, గురువు ఠీవి చూచి మోసపోయినాడు. నేడు దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో, ఎల్.బి. నగరు కూడలి టీ కొట్లముందు తిరుగు గిరీశముల పేర్లు వేరు, వేషములు వేరు. పాఠము మాత్రము అదే.

అన్ని చోట్లను గురువు గిరీశమే కాడు. ఉత్తరాంధ్ర పల్లెలలో, ముఖ్యముగా శ్రీకాకుళము, విశాఖపట్నము జిల్లాలలో, నిప్పు వైపును నోటిలో పెట్టుకొని చుట్ట త్రాగు అలవాటు కలదు. దానిని అడ్డపొగ అందురు. ఆడువారిలో అది మిక్కుటము. గాలికి చుట్ట ఆరిపోకుండుననియు, నిప్పురవ్వలు చంకలోని బిడ్డపై పడకుండుననియు వారు చెప్పు కారణములు. తల్లి త్రాగుచుండగా చూచి కూతురు నేర్చినది. 1971లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గు, బొంబాయి టాటా సంస్థకు చెందిన మెహతా మున్నగువారు ప్రకటించిన పరిశోధనలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించినారు. వారిలో 43.8 శాతము అడ్డపొగ త్రాగువారే. ఆ వేడికి, ఆ పొగకు అంగుడు తెల్లబారి, పుండ్లు పడి, కొందరికి క్యాన్సరుగా మారుటను వారు లెక్కలతో నిరూపించినారు. అక్బరు వైద్యుడు అడిగిన పరీక్ష మూడున్నర శతాబ్దముల తరువాత మన తెలుగు పల్లెలలో జరిగినదన్నమాట.

ఆ పరీక్ష ఇతర దేశములలో అప్పటికే జరుగుచుండెను. 1950లో ఇంగ్లండులో రిచర్డు డాల్, బ్రాడ్‌ఫర్డు హిల్ అను ఇద్దరు ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఆసుపత్రులలో చేరినవారిని విచారించి, వారిలో సిగరెట్లు త్రాగువారు ఎంత అధికముగా ఉన్నారో చూపినారు. మరుసటి ఏట వేలాదిమంది బ్రిటిషు డాక్టర్లకే జాబులు వ్రాసి వారి అలవాట్లు తెలిసికొని, ఏటేట వారి బ్రతుకును, చావును లెక్క వ్రాయసాగినారు. ఆ లెక్క ఏబది ఏండ్లు సాగినది. 2004లో ప్రకటించిన ఫలితము ఇది. సిగరెట్లు మానకుండ త్రాగినవారు, త్రాగనివారికంటె సగటున 10 ఏండ్లు ముందుగా చనిపోయినారు. 60 ఏండ్లకు మానినవారికి 3 ఏండ్ల ఆయుస్సు, 50కి మానినవారికి 6, 40కి మానినవారికి 9, 30కి మానినవారికి దాదాపు ఆ పదేండ్లును తిరిగి దక్కినవి. అసలు మొదలే పెట్టని పిల్లవానికి దక్కునది ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్దవారికి నేర్పిన దానికి ఫలితమున్నదా అను ప్రశ్నకు మన శ్రీకాకుళము జిల్లాయే సమాధానము చెప్పినది. కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరు, మన శ్రీకాకుళము, ఈ మూడు జిల్లాల పల్లెలలో 36,000 మంది పొగాకు వాడువారిని టాటా సంస్థవారు ఇంటింట కలిసికొన్నారు. ఏటేట నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుండి చెప్పినారు. చలనచిత్రములు, గోడపత్రికలు, రేడియో కూడ తోడు తెచ్చుకొన్నారు. 1986లో వెలువడిన ఫలితములలో, ఇట్లు బోధ పొందినవారిలో అలవాటు మానినవారును తగ్గించినవారును ఎక్కువైనారు. నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట గణనీయముగ తగ్గినది. చదువురాని పల్లెవారికి చెప్పిన వినరు అను మాట ఆనాటితో తప్పని తేలినది. అయినను అందులో మానినవారు నూటికి కొద్దిమందియే. పాతుకొన్న చెట్టును పెకలించుట అంత కష్టము. మొలకగా నున్నప్పుడే చూడవలెనను ఆలోచన అందరికిని కలిగినది.

మొలక ఏ వయస్సులో పుట్టును? ప్రపంచారోగ్య సంస్థ పద్ధతి ననుసరించి మన దేశములో 13 నుండి 15 ఏండ్ల బడిపిల్లలను గురించి సర్వేలు జరిగినవి. 2019 నాటి సర్వేలో, పొగాకు ముట్టిన పిల్లలు సిగరెట్టును మొదట త్రాగిన వయస్సు 11.5 ఏండ్లు, బీడీకి 10.5 ఏండ్లు, నమలు పొగాకునకు 9.9 ఏండ్లు అని నడిమి లెక్క తేలినది. అనగా మీసము మొలువక ముందే గురువు దొరకినాడు. ఈ సంఖ్యలు గుండె జలదరింపజేయును. కాని వీనితోపాటు మరియొక సంఖ్యను చెప్పుకొనవలెను. ఏదో ఒక రూపమున పొగాకు వాడు పిల్లలు 2009లో నూటికి 14.6 మంది ఉండగా, 2019 నాటికి 8.5కు దిగినారు. పదేండ్లలో ఇంత మార్పు తనంత తాను వచ్చినది కాదు. చట్టము, ధర, బొమ్మల హెచ్చరిక, బడిలోని బోధ, ఇవన్నియు కలిసి చేసిన పని అది.

ఇందులో బోధ పాలు ఎంత? ఈ ప్రశ్నకు నిజాయితీతో జవాబు చెప్పవలెనన్న, బోధ విఫలమైన కథలు కూడ చెప్పవలెను.

మొదటి కథ లాఠీ కథ. పంజాబులో 1918లో, బెంగాలులో 1919లో పిల్లల ధూమపానమును అరికట్టుటకు చట్టములు చేసినారు. పదునారేండ్లలోపు పిల్లలకు పొగాకు అమ్మరాదు. వారు వీధిలో త్రాగుచుండగా కనబడినచో పోలీసువాడు లాగికొనవచ్చును. చట్టము మంచిదే. కాని లాగికొన్న బీడీ స్థానములో ఒక ఆలోచనను పెట్టువారు లేరు. పిల్లవాడు నేర్చినది పోలీసువానికి కనబడకుండ త్రాగుట.

రెండవ కథ భయము కథ. చాలాకాలము బడులలో జరిగిన బోధ ఇదియే. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ చూపి, నలుబది ఏండ్ల తరువాత ఇట్లగుదువు అని చెప్పుట. పదునాలుగేండ్ల వానికి నలుబది ఏండ్ల తరువాత అనునది మరియొక జన్మవంటిది. వాడు భయపడినది ఆ బొమ్మకు కాదు; ఈ సాయంకాలము స్నేహితుడు అందించినప్పుడు వద్దన్నచో నవ్వుదురేమో అని. 1970వ దశకములో అమెరికాలోని హ్యూస్టను నగరములో రిచర్డు ఇవాన్సు అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఈ కిటుకు పట్టుకొన్నాడు. మశూచికి టీకా వేసినట్లు, ఒత్తిడికి కూడ ముందుగా టీకా వేయవచ్చునని ఆయన ఊహ. స్నేహితుడు ఏమి అనును, దానికి ఏమి చెప్పవలెను, ప్రకటన ఏ ఆశ చూపును, దానిలోని మోసమెక్కడ, ఇవన్నియు తరగతిలోనే ఆడి, మాటలాడి అలవాటు చేయించినాడు. ఫిన్లండులోని ఉత్తర కరేలియాలో 1978లో ఈ త్రోవలోనే ఏడవ తరగతి పిల్లలకు నేర్పినారు. పదునైదేండ్లకు, ఆ పిల్లలు ఇరువది ఎనిమిదేండ్ల వారైన తరువాత చూడగా, నేర్చినవారు అంతవరకు కాల్చిన సిగరెట్లు తక్కినవారికంటె 22 శాతము తక్కువని తేలినది.

ఇంతలో మూడవ కథ. అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రములో 40 విద్యా మండలములలో, ఎనిమిదివేలకు పైగా పిల్లలకు మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఇటువంటి పాఠములే చెప్పి, బడి ముగిసిన రెండేండ్ల వరకు వారిని విడువక చూచినారు. 2000లో ఫలితము ప్రకటించినారు. పాఠము చెప్పినవారికిని చెప్పనివారికిని భేదము కనబడలేదు. ఇది చూచి, ఇక బడిలో చెప్పుట వ్యర్థమే అన్నవారు ఉన్నారు. వారి మాటను తీసివేయరాదు. కాని ఆ వైఫల్యము చెప్పిన నీతి వేరు. తరగతి గది నాలుగు గోడల మధ్యనే ఉండిపోయిన పాఠము వీధిని గెలువలేదు. ఇంట తండ్రి, వీధిలో దుకాణము, తోటి పిల్లలలో నాయకుడు, వీరు పాఠములో భాగస్వాములు కాకపోయినచో, ఉపాధ్యాయుని గొంతు ఒంటరి గొంతే.

ఈ నీతిని మన దేశములో ఆచరణలో పెట్టి చూచినవారిలో ఒక హైదరాబాదు విద్యార్థి కలడు. కోఠీలోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీలో హృద్రోగ వైద్యులుగా పేరుపొందిన డాక్టరు కె. శ్రీనాథరెడ్డిగారు 1992లో ‘హృదయ్’ అను సంస్థను నెలకొల్పినారు. గుండెజబ్బు వచ్చిన తరువాత వైద్యము చేయుట కంటె, రాకుండ బడిపిల్లలకు నేర్పుట దాని సంకల్పము. ఆ సంస్థ, షెరిల్ పెర్రీ మున్నగు అమెరికా పరిశోధకులతో కలిసి, 2004 నుండి 2006 వరకు ఢిల్లీ, చెన్నపట్టణములలోని 32 బడులలో ‘మైత్రి’ అను ప్రణాళికను నడిపినది. ఆరవ తరగతి, ఎనిమిదవ తరగతి పిల్లలు మొదలుగా పదునాలుగు వేలమందికి పైగా అందులో ఉన్నారు. సగము బడులలో బోధ; సగము బడులలో, పోల్చి చూచుటకు, ఆ రెండేండ్లు బోధ లేదు. బోధ అనగా ఉపన్యాసము కాదు. పిల్లలే చిన్న చిన్న గుంపులుగా కూర్చుండి ఆటలు ఆడినారు, మాటలు కలిపినారు. ఆ గుంపులకు పెద్దలు పిల్లలలోని వారే. గోడలమీద పత్రములు, ఇంటికి తల్లిదండ్రుల పేర జాబులు, బడి బయట ఊరికి చెప్పు కార్యక్రమములు. గిరీశము ఏ ఆయుధముతో గెలిచినాడో, అదే ఆయుధమును, అనగా తోటివాని మాటను, మంచికి వాడినారు.

రెండేండ్ల తరువాత లెక్క చూచినారు. బోధ లేని బడులలో పొగాకు వాడకము 68 శాతము పెరిగినది. బోధ ఉన్న బడులలో 17 శాతము తగ్గినది. ఇది 2009లో అమెరికా ప్రజారోగ్య పత్రికలో అచ్చయినది. ఆ ప్రణాళిక మొదటిలోనే మరియొక వింత బయటపడినది. పొగాకు వాడుటలో ఎనిమిదవ తరగతివారికంటె ఆరవ తరగతివారే రెండు మొదలు నాలుగు రెట్లు ఎక్కువ. పెద్దపిల్లలకు చెప్పిన చాలునను మన లెక్క తప్పినది. ప్రతి సంవత్సరము క్రొత్త పిల్లలు వచ్చుచుందురు. వారితో పాటు క్రొత్త గిరీశములును వచ్చుచుందురు. కావున ఈ పాఠము ఒకసారి చెప్పి ముగించునది కాదు, ఏటేట నాటు వేయవలసిన పైరు.

ఇక మన ముంగిటికి వత్తము. తుర్కయంజాల్ ఒకప్పుడు మాసబ్ చెరువు అంచున ఉన్న పల్లె. నాగార్జునసాగరు రోడ్డు వెంట నగరము ప్రాకి ప్రాకి దానిని చేరినది. ఎల్.బి. నగరు నుండి ఇబ్రహీంపట్నము వరకు ఆ దారి పొడుగున బడులు, కళాశాలలు. ఇటువంటి ఊరిలో రెండు కాలములు ఒకేసారి కనుపించును. అరుగుమీద తాత చేతిలో బీడీ, రోడ్డుమీద మనుమని చేతిలో సిగరెట్టు. నడుమ పాన్ డబ్బాకు వ్రేలాడు రంగురంగుల పొట్లములు. పిల్లవానికి పల్లె గురువును, పట్నపు గురువును ఇద్దరును దగ్గరనే ఉన్నారు.

అటువంటి ఊరి బడికి నేడు చట్టము ఇచ్చిన బలము మన తాతలకు లేదు. 2003 నాటి పొగాకు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయమునకు వంద గజాలలోపల అసలే అమ్మరాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుట్కాను నిషేధించినది. 2015 నాటి బాలల న్యాయ చట్టము బాలునికి పొగాకు ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కారాగారమును విధించినది. 2019లో విద్యుత్ సిగరెట్లను దేశమంతట నిషేధించినారు. 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను మూసివేయు చట్టము చేసినది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన సూచనల ప్రకారము ప్రతి బడి ముందు ‘పొగాకు రహిత ప్రదేశము’ అను బోర్డు ఉండవలెను. వంద గజముల దూరమున పసుపుగీత గీయవలెను. ఉపాధ్యాయులలోనో, తొమ్మిదవ తరగతి, ఆపై తరగతుల పిల్లలలోనో ఒకరిని పొగాకు పర్యవేక్షకునిగా పెట్టవలెను.

ఈ పసుపుగీత మంచి పాఠపుస్తకము. ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని బడి గేటు నుండి వంద గజాలు కొలిపించవచ్చును. గజమనగా ఎంతో లెక్కల పాఠములో తెలియును. చట్టమనగా ఏమో పౌరశాస్త్రములో తెలియును. ఊపిరితిత్తి పని ఏమో ప్రకృతిశాస్త్రములో తెలియును. రోజునకు ఇరువది రూపాయలు పొగకు పోయినచో ఏటికి 7,300 రూపాయలు, నలుబది ఏండ్లకు 2,92,000 రూపాయలు అని పిల్లలచేతనే గుణింపజేయవచ్చును. ఆ లెక్క వేసిన పిల్లవాడు దానిని ఇంటికి తీసికొనిపోయి తండ్రి ముందు పెట్టును. ‘నాయనా, ఈ లెక్క సరియేనా చూడు’ అని అడిగిన కొడుకునకు సమాధానము చెప్పుట ఏ తండ్రికిని సులభము కాదు.

ఇప్పుడు ఫలము మాట. పొగాకు కీడును కౌమారదశలోని పిల్లలకు చెప్పు ఉపాధ్యాయునికి దక్కునదేమి? పదవ తరగతి ఫలితములవలె నూటికి ఇంతమంది అని నోటీసు బోర్డుమీద అంటించు ఫలము కాదు. వైద్యుడు బ్రతికించిన రోగి తిరిగి వచ్చి నమస్కారము చేయును. ఈ గురువు బ్రతికించినవాడు తాను బ్రతికింపబడినానని ఎరుగడు. ఏబది ఏండ్ల వయస్సున అతనికి రావలసిన గుండెనొప్పి రాదు. పుట్టవలసిన పుండు నోటిలో పుట్టదు. అమ్మవలసిన పొలము ఆసుపత్రికై అమ్ముడుపోదు. రానిదానిని చూచి ఎవరు కృతజ్ఞత చెప్పుదురు? మశూచి పోయిన ఊరిలో టీకాలు వేసినవానిని ఎవరును తలవరు. అయినను ఆ ఊరి పిల్లల మొగములమీద మచ్చలు లేవు. అదే వాని జీతము.

ఫలము పూర్తిగా కంటికి కనబడనిదియు కాదు. ఈ పాఠము చెప్పిన తరగతిలో మరియొక మార్పు కనబడును. స్నేహితుడు ఇచ్చినదానిని నవ్వుచు, నొప్పింపక, వద్దని చెప్పగల పిల్లవాడు ఆ ఒక్క మాటను పొగాకుకే వాడి ఊరకుండడు. కల్లుకు, మత్తుమందుకు, జూదమునకు, పందెపు మోటారుసైకిలుకు కూడ వాడును. గుంపునకు పెద్దయై నడిపిన పిల్ల నలుగురిలో నోరు విప్పుట నేర్చుకొనును. గురుశిష్యుల మధ్య కూడ ఒక తలుపు తెరచుకొనును. నిజము దాచకుండ, బెదిరింపకుండ తమతో మాటలాడిన ఉపాధ్యాయుని వద్దకు పిల్లలు వేరొక కష్టమున్నను వత్తురు. ఇక ఉపాధ్యాయుడు తానే పొగత్రాగువాడైనచో, ఈ పాఠము చెప్పుటకు ముందు తన జేబు తడిమి చూచుకొనును. పాఠము చెప్పి తాను మానిన గురువునకు, అందరికంటె ముందు ఫలము దక్కినట్లే.

ఇండ్లలో ఈ మాటలు విను తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాని చొక్కాలో బీడీవాసన వచ్చిననాడు చేయి ఎత్తుట సులభము. కాని చేయి ఎత్తిన ఇంట అబద్ధము పుట్టును. ‘ఎవరు ఇచ్చినారు? అప్పుడు నీకు ఏమనిపించినది? వద్దనుటకు అడ్డు వచ్చినదేమి?’ అని అడుగుడు. కొట్టుకు పోయి సిగరెట్టు తెమ్మని పిల్లవానిని పంపకుడు; ఆ పంపుటయే తొలిపాఠము. ఇంట త్రాగువారుండి మానదలచినచో కేంద్ర ప్రభుత్వము 2016లో నెలకొల్పిన ఉచిత టెలిఫోను సహాయము ఉన్నది; దాని సంఖ్య 1800-11-2356. అలవాటుపడిన కుమారుని దోషిగా కాక, సాయము కోరువానిగా చూచినచో సగము పని అయినట్లే.

నాలుగు వందల ఏండ్ల క్రిందట ఒక కొలువులో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలిచినారు. ఒకడు రత్నాల గొట్టము పట్టుకొన్నవాడు; ఒకడు పరీక్షింపుడు అన్న వైద్యుడు. ఆనాడు గొట్టము గెలిచినది. వైద్యుని చేతిలో లెక్కలు లేవు. నేడు లెక్కలన్నియు ఉన్నవి. వానిని పదమూడేండ్ల పిల్లవానికి అర్థమగునట్లు, వాని సిగ్గును భయమును ఎరిగి, స్నేహితుని గొంతుతో చెప్పగలవారు కావలెను. ప్రతి బడిలోను, ప్రతి ఇంటిలోను అటువంటి వారొక్కరున్నచో, గిరీశమునకు శిష్యులు దొరకరు.